దేశాల బడిలో బాలత్రిపురసుందరి

భవానీపురంలో కృష్ణ ఒడ్డున, మామిడితోట మధ్య ఒక ఆడపిల్లల స్కూలు ఉండేది. గేటు మీద ఇంగ్లీషులో 'ఆల్ నేషన్స్ స్కూల్' అని రాసి ఉండేది గాని, బెజవాడ జట్కావాళ్లకు 'దేశాల బడి' అంటేనే తెలిసేది. అవి యుద్ధం రోజులు. రైల్వేలో పనిచేసే ఆంగ్లో ఇండియన్ల పిల్లలు, రంగూను వదిలి పారిపోయి వచ్చిన కుటుంబాల పిల్లలు, గుజరాతీ వర్తకుల పిల్లలు, గుంటూరు పొగాకు కంపెనీ దొరల పిల్లలు, కాస్త కలిగిన తెలుగువాళ్ల పిల్లలు అందరూ అక్కడే ఉండి చదువుకునేవారు. ఒకే బల్ల దగ్గర భోజనం, ఒకే వరసలో పడకలు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఆ బడి పెట్టింది మిస్ హార్డింగ్. యాభై దాటిన మనిషి. మొదటి యుద్ధంలో ఆమె తమ్ముడు ఫ్రాన్సులో చనిపోయాడు. దేశాల పేరు చెప్పి మనుషులు ఒకరినొకరు చంపుకోవడం ఆగాలంటే పిల్లల దగ్గర మొదలుపెట్టాలని ఆమె నమ్మింది. తనను పంపిన మిషనువాళ్లతో పోట్లాడి బయటికి వచ్చి, మతం ఊసు లేని బడి పెట్టింది. దేశాన్నీ కులాన్నీ మతాన్నీ చెప్పే పేర్లు గేటు బయటే ఉండిపోవాలని ఒక నియమం చేసింది. చేరిన ప్రతి పిల్లకూ కొత్త పేరు తనే పెట్టేది. నళిని నెల్లీ అయింది. అమలమ్మ ఎమిలీ అయింది. లెక్కల మాస్టారు పూర్ణచంద్రరావుగారి పేరుకు అర్థం అడిగి తెలుసుకుని, ఆయన్ను 'మిస్టర్ మూన్' అని పిలిచేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

వన్‌టౌన్‌లో చేనేత చీరల కొట్టున్న వీరభద్రయ్య తన కూతుర్ని ఆ బడిలో చేర్చడానికి తీసుకొచ్చాడు. ఆయన పూర్వీకులది పామర్రు దగ్గర నేతపని చేసుకునే ఊరు. తాత, తండ్రి మగ్గం మీద కూర్చున్నవాళ్లే. వీరభద్రయ్య బెజవాడ వచ్చి కొట్టు పెట్టి నిలదొక్కుకున్నాడు. కూతురికి పదమూడేళ్లు. దసరాల్లో, అమ్మవారికి బాలాత్రిపురసుందరి అలంకారం చేసిన రోజున పుట్టిందని ఆ పేరే పెట్టుకున్నారు. ఊళ్లోని మిషన్ స్కూల్లో చదువుకుంది కాబట్టి ఇంగ్లీషు బాగానే వచ్చు.

ఆఫీసు గదిలో మిస్ హార్డింగ్ ఆ పిల్లను దగ్గరకు పిలిచి పేరడిగింది.

"బాలత్రిపురసుందరి."

మిస్ హార్డింగ్ పలకబోయి, సగంలో ఆగి నవ్వేసింది. "ఇక్కడ నువ్వు బెల్లావి. బెల్లా అంటే అందమైనది అని. నీ పేరులోనూ ఆ అర్థం ఉందట గదా, మిస్టర్ మూన్ చెప్పారు."

పక్కనే నిలబడ్డ పూర్ణచంద్రరావు ఆ మాట తెలుగులో చెప్పాడు. వీరభద్రయ్య సంతోషించాడు. "బాగుందండి, తేలిగ్గా ఉంది" అన్నాడు. తండ్రి వెళ్లిపోతుంటే కూతురు గేటు దాకా వెళ్లి, కళ్లు తుడుచుకుని తిరిగి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే గంట కొట్టారు. హాల్లో అందరూ నిలబడి ఏ దేవుడి పేరూ లేని ప్రార్థన పాట పాడారు. ఓట్స్ జావ చెంచాలతో తిన్నారు. తర్వాత థర్డ్ ఫారం క్లాసులో పూర్ణచంద్రరావు హాజరు పిలవడం మొదలుపెట్టాడు.

"బెల్లా."

ఎవరూ పలకలేదు.

"బెల్లా!"

పక్కన కూర్చున్న పిల్ల మోచేత్తో పొడిచింది. "నిన్నే, పలుకు" అని గుసగుసలాడింది. ఆ పిల్ల అమలమ్మ.

బాలత్రిపురసుందరి లేచి నిలబడింది. "నేను క్లాసులోనే ఉన్నాను సార్. నా పేరు బాలత్రిపురసుందరి" అంది ఇంగ్లీషులో.

"తెలుసమ్మా. ఇక్కడ మాత్రం బెల్లా."

"ఆ పేరుకు నేను పలకను సార్."

కొత్త పిల్ల, బెంగ మీద ఉంది, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని మాస్టారు అనుకున్నాడు. గైరుహాజరు వేసి పాఠం మొదలుపెట్టాడు. కాని ఆ మర్నాడూ అంతే అయింది. ఆ వారమంతా అంతే అయింది. క్లాసులో ముందు వరసలో కూర్చుని, అడిగిన లెక్కకల్లా మొదట చెయ్యి ఎత్తే పిల్లకు రోజూ గైరుహాజరు పడేది.

చదువంటే ఆ పిల్లకు అయిష్టం కాదు. నిజానికి ఆ బడి అంటే ప్రాణం. ఇంగ్లండు రాజుల చరిత్ర గడగడా చెప్పేది. పియానో మీద వేళ్లు పెట్టాలని తెగ ఉబలాటపడేది. లాటిన్‌లో నామవాచకాలకు విభక్తులు ఉంటాయని తెలిసిన రోజున, మనకు డు ము వు లు ఉన్నట్టే వీళ్లకూ ఉన్నాయే అని అమలమ్మను పట్టుకుని కుదిపేసింది. ప్రకృతి పాఠానికి పిల్లల్ని ఏటి ఒడ్డుకు తీసుకెళ్లి ఆకులూ పురుగులూ ఏరించేవాళ్లు. అందరికంటే ఎక్కువ ఏరుకొచ్చేది ఈ పిల్లే. ఏ పిల్లకూ తెలుగు పాఠం మాత్రం లేదు. తెలుగులో మాట్లాడాలంటే వంటింటి వైపు వెళ్లి ఆయా దానమ్మతో మాట్లాడుకోవాల్సిందే.

పేరుకు పలకనందుకు శిక్షలు మొదలయ్యాయి. శనివారం అందరూ పడవెక్కి ఆనకట్ట దాకా షికారు వెళితే, ఈ పిల్ల గదిలో కూర్చోవాల్సి వచ్చింది. పియానో పాఠం తీసేశారు. నాటకంలో వేషం ఇవ్వలేదు. ఆ పిల్ల గదిలో కూర్చుని లాటిన్ వల్లె వేసుకుంది.

"ఎందుకే నీకీ గొడవ?" అంది అమలమ్మ ఒకనాడు, పక్క బట్టలు మడతపెడుతూ. ఆ పిల్ల తండ్రి రంగూన్‌లో బియ్యం మిల్లులో గుమాస్తాగా ఉండేవాడు. బాంబులు పడ్డాక అన్నీ వదిలేసి వచ్చిన కుటుంబం. మిస్ హార్డింగ్ దయతలచి ఆ పిల్లను ఊరికే చదివిస్తోంది. "ఇల్లు పోయింది, మిల్లు పోయింది. వాటి ముందు పేరెంత? ఎమిలీ అంటే ఎమిలీ. అన్నం పెడుతున్నారు, చదువు చెబుతున్నారు."

"నీకు పరవాలేదేమో. నాకు మాత్రం కుదరదు" అంది బాలత్రిపురసుందరి.

డిసెంబరులో పరీక్షలు జరిగాయి. ప్రతి పేపరు మీదా ఆ పిల్ల తన పూర్తి పేరే రాసింది. పది రోజులకు అందరి పేపర్లూ మార్కులతో తిరిగి వచ్చాయి. ఈ పిల్ల పేపర్లు దిద్దకుండా తిరిగి వచ్చాయి. పైన ఎర్ర సిరాతో మిస్ హార్డింగ్ చేతిరాత: 'ఈ పేరుగల విద్యార్థిని ఈ స్కూల్లో లేదు.'

శిక్షలన్నిటికీ చలించని పిల్ల ఆ పేపర్లు చూసి ఏడ్చింది. లాటిన్ పేపరు కోసం ఎంత కష్టపడిందో ఆ పిల్లకే తెలుసు.

సాయంత్రం పూర్ణచంద్రరావు మాస్టారు ఆ పిల్లను మామిడిచెట్ల కిందికి పిలిచాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని తెలుగులో మాట్లాడాడు.

"చూడమ్మా, దొరసానమ్మ చెడ్డమనిషి కాదు. ఆమె ఉద్దేశం మంచిది. నన్ను మిస్టర్ మూన్ అంటుంది. అన్నంతమాత్రాన నాకేం పోయింది చెప్పు? పలికితే ఒక్క మాటతో పోతుంది."

"మాస్టారూ, ఒకటి అడగనాండి?"

"అడుగు."

"ఇంటిదగ్గర మీ పిల్లలకు తెలుసాండి, ఇక్కడ మిమ్మల్ని అట్లా పిలుస్తారని?"

పూర్ణచంద్రరావు ఏటి వైపు తిరిగి, "చలిగాలి వేస్తోంది, లోపలికెళ్లు" అన్నాడు. ఇంట్లో ఆయన ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ మర్నాడు బాలత్రిపురసుందరి తనంతట తనే మిస్ హార్డింగ్ గదికి వెళ్లింది. చేతిలో దిద్దని పేపర్లు.

"మేడం, అందరూ సమానం కావాలనే గదా మీరు పేర్లు మార్చేది?"

"అవును. అది నీకు అర్థమైనందుకు సంతోషం."

"మరి ఆ సమానమైన పేర్లన్నీ మీ భాషవే ఎందుకయ్యాయండి?"

మిస్ హార్డింగ్ కళ్లజోడు తీసింది. "ఏదో ఒక భాష ఉండాలి గదా. అందరికీ తెలిసింది ఇంగ్లీషు."

"మార్గరెట్‌ను మార్గరెట్ అనే పిలుస్తున్నారు. డొరొతీని డొరొతీ అనే పిలుస్తున్నారు."

"వాటిని మార్చాల్సిన అవసరం రాలేదు."

"నేననేదీ అదేనండి."

మిస్ హార్డింగ్ ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "మీ ఇంట్లో నిన్ను అంత పొడుగు పేరుతో పిలుస్తారా?"

"లేదండి. మా అమ్మ బాలా అంటుంది. కోపం వచ్చినప్పుడే మొత్తం పిలుస్తుంది. వాళ్లు కుదించినా, కుదించింది దేన్నో వాళ్లకు తెలుసు. మీరు తెలుసుకోలేదు."

"ఇక వెళ్లు, బెల్లా."

పిల్ల కదల్లేదు. "నేను కూడా మీకొక పేరు పెట్టాను మేడం. హార్డింగ్ అనడం మా వాళ్లకు కష్టం. హారతి అంటే తేలిక. మంచి అర్థమే."

నిజంగానే మర్నాడు వరండాలో ఎదురుపడితే, నమ్రతగా ఆగి, "గుడ్ మార్నింగ్, మిస్ హారతి" అంది. మిస్ హార్డింగ్ విననట్టే దాటిపోయింది.

"చూశారా, మీరూ పలకలేదు" అంది పిల్ల వెనకనుంచి.

ఆ మాట పిల్లలందరూ విన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజు నుంచి బాలత్రిపురసుందరికి క్లాసులో చోటు పోయింది. బయట వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. కిటికీ పక్కనే కూర్చుని, లోపల చెప్పేది వింటూ రాసుకుంది. సరిగా వినిపించని మాటలు అమలమ్మ కిటికీలోంచి మళ్లీ చెప్పేది.

అట్లా చెబుతూ చెబుతూ ఒకరోజు అమలమ్మ హఠాత్తుగా ఆగిపోయింది.

"కలకత్తాలో ఓడ దిగినప్పుడు నేను తప్పిపోయానే" అంది. "రేవు నిండా మనుషులు. ఎటు చూసినా ఏడుపులు. అమ్మ కనబడలేదు. ఎక్కడో దూరం నుంచి 'అమలా, అమలమ్మా' అని వినబడింది. ఆ కేక పట్టుకుని పోయి అమ్మను చేరుకున్నాను."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఇప్పుడే గుర్తొచ్చింది. ఆ రోజు అమ్మ ఎమిలీ అని పిలిచుంటే నేను తిరిగి చూసేదాన్నే కాదు."

మర్నాడు హాజరు పిలుస్తూ పూర్ణచంద్రరావు "ఎమిలీ" అన్నాడు. అమలమ్మ తల వంచుకుని కూర్చుంది. రెండోసారి పిలిచాడు. ఆ పిల్ల పలకలేదు. ధర్మం మీద చదువుకుంటున్న పిల్ల. గెంటేస్తే వెళ్లడానికి చోటు లేదు. ఆ సంగతి క్లాసులో అందరికీ తెలుసు. గుమ్మంలో మిస్ హార్డింగ్ నిలబడి చూస్తోంది.

మాస్టారు కలం కింద పెట్టాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నెల్లీ అని రాసి ఉన్నచోట నళిని అని పిలిచాడు. నళిని తడబడి, "ప్రెజెంట్ సార్" అంది.

"అమలమ్మ."

"ప్రెజెంట్ సార్!"

మాస్టారు కిటికీ వైపు తిరిగి, గొంతెత్తి పిలిచాడు. "బాలత్రిపురసుందరి."

వరండాలోంచి "ప్రెజెంట్ సార్" అని అంతే గట్టిగా వచ్చింది.

"మిస్టర్ మూన్! మీరు కూడానా?" అంది మిస్ హార్డింగ్.

ఆయన లేచి నిలబడ్డాడు. భయపడుతూనే మాట్లాడాడు. "క్షమించండి మేడం. నా పేరు పూర్ణచంద్రరావు. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉండాల్సింది."

యుద్ధం రోజుల్లో ఆ చుట్టుపక్కల ఇంకో లెక్కల మాస్టారు దొరకడు. ఆయన్ను పంపించడం ఆమెకు కుదిరే పని కాదు. ఆ కోపం, ఆ బాధ బాలత్రిపురసుందరి మీదికి మళ్లాయి. వచ్చి కూతుర్ని తీసుకెళ్లమని ఆ పూటే వీరభద్రయ్యకు కబురు పంపింది.

వీరభద్రయ్య కొట్టు మూసేసి జట్కా కట్టించుకుని వచ్చాడు. పొడుగు కోటు, తలపాగా, ముఖం నిండా చెమట. కూతురు వరండా బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన ట్రంకుపెట్టె సర్ది పెట్టారు.

"లే, పోదాం. చేసిన నిర్వాకం చాలు."

"రాను నాన్నా."

"రానంటే?"

"నేను రాసిన పేపర్లు దిద్దలేదు. దిద్ది మార్కులు వేస్తే అప్పుడొస్తాను."

వీరభద్రయ్య ఒంటికాలి మీద లేచాడు. "ఏంటే ఈ మొండితనం? సర్కారు నూలుకు కంట్రోలు పెట్టాక పర్మిట్ కోసం బందరు ఆఫీసులో నేను పడ్డ అగచాట్లు నీకు తెలియవూ? ఆ గుమాస్తా ఇంగ్లీషులో ఏం రాశాడో తెలియక, చూపించిన చోటల్లా సంతకం పెట్టొచ్చా. నా పిల్లకు ఆ గతి పట్టకూడదనే గదా ఇక్కడ చేర్చింది!"

"అక్కడ నిన్నేమని పిలిచేవాళ్లు నాన్నా?"

"ఏమని పిలిస్తే ఏం?"

"చెప్పు నాన్నా."

"పేరు రాసిచ్చా. ఎవరూ చదవలేదు. 'ఏయ్, నూలూ' అనేవాళ్లు" అన్నాడు వీరభద్రయ్య. "నూలు కోసం వచ్చినవాళ్లందరినీ అట్లాగే అనేవాళ్లు."

"పలికావా?"

"పలక్కపోతే మనకు చీరలు నేసేవాళ్ల మగ్గాలు ఆగిపోవూ?"

"నాకట్లాంటి అవసరం లేదు గదా నాన్నా. మరి నేనెందుకు పలకాలి?"

వీరభద్రయ్య తలపాగా తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కూతురి పక్కనే బల్ల మీద కూర్చున్నాడు. మిస్ హార్డింగ్ బయటికి వచ్చి, ఇంకా వెళ్లలేదేమని మాస్టారు చేత అడిగించింది.

"అమ్మాయి రాసినవి దిద్దమనండి మాస్టారూ. దిద్దినాక తీసుకెళతాను. అందాకా ఇక్కడే కూర్చుంటాం" అన్నాడు వీరభద్రయ్య.

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు భోజనాలకు వెళుతూ వాళ్లిద్దర్నీ చూస్తూ పోయారు. దానమ్మ రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి, ఎవరేమంటారోనని చూడకుండా, వాళ్ల చేతికిచ్చి వెళ్లింది. ఎండ వరండాలోకి వచ్చింది. తండ్రీ కూతుళ్లు బల్ల జరుపుకుని కూర్చున్నారు.

పొద్దు వాలుతుండగా మిస్ హార్డింగ్ గది తలుపు తెరుచుకుంది. పేపర్లు తీసుకురమ్మంది. తలుపు తీసే ఉంచి, వాళ్లకు కనబడేలా బల్ల దగ్గర కూర్చుని దిద్దింది. మొదట లాటిన్ తీసింది. ఆమె దిద్దుతుంటే పిల్ల వంగి వంగి చూసింది. తొందరపడకుండా, ఒక్కొక్క వాక్యం చదివి దిద్దింది. తప్పులు తప్పులుగానే కొట్టింది. అన్నీ అయ్యాక పేపర్లు పిల్లకిచ్చింది. తాను రాసిన ఎర్ర సిరా మాటను తనే కొట్టేసింది.

"లాటిన్‌లో నీకంటే ఎక్కువ ఎవరికీ రాలేదు" అంది. "నువ్వు వెళ్లనక్కర్లేదు. నిన్ను నీ పేరుతోనే పిలుస్తాం. నీ ఒక్కదానికి మినహాయింపు ఇస్తున్నాను."

పూర్ణచంద్రరావు సంబరంగా ఆ మాట వీరభద్రయ్యకు చెప్పాడు. వీరభద్రయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"మరి అమలమ్మకో మేడం?" అంది బాలత్రిపురసుందరి.

"ఎమిలీ సంగతి వేరు. ఆమెను ఈ స్కూలు ఊరికే..." మిస్ హార్డింగ్ ఆగిపోయింది.

"అయితే నేను వెళతానండి. థాంక్యూ మేడం."

జట్కాలో వీరభద్రయ్య దారిపొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. "ఉండమన్నాక కూడా వస్తారా ఎవరన్నా? చక్కగా దిద్ది మార్కులేసిందిగా, ఇంకేం కావాలి?"

"నాకొక్కదానికే ఇస్తే ఎట్లా నాన్నా? పాపం, అది నా కోసం నోరు మూసుకు కూర్చుంది."

"మీ అమ్మకు నువ్వే చెప్పుకో. నేను మాత్రం చెప్పను" అన్నాడు. కాని ఇంటికి వెళ్లగానే, లాటిన్‌లో అందరికంటే ఎక్కువ వచ్చాయట అని భార్య సుబ్బరత్నంతో మొదట చెప్పింది ఆయనే. లాటిన్ అంటే ఏంటని ఆమె అడిగితే, అదో గొప్ప భాష అన్నాడు.

సంక్రాంతి సెలవులయ్యాక బాలత్రిపురసుందరిని ఊళ్లోని ఆడపిల్లల హైస్కూల్లో చేర్చారు. అక్కడ తెలుగు ఉంది, లాటిన్ లేదు. ఆదివారం ఆదివారం అమలమ్మ వచ్చేది. కొట్టు వెనక గదిలో చీరల మూటల మీద కూర్చుని ఇద్దరూ పాఠాలు చెప్పుకునేవాళ్లు. అమలమ్మను గెంటెయ్యలేదు. పూర్ణచంద్రరావు మాస్టారు రోజూ అసలు పేర్లే పిలుస్తున్నాడు. మిస్ హార్డింగ్ మాత్రం ఎమిలీ అనడం మానలేదు. అమలమ్మ పలకడమూ లేదు. వేలు చూపించి పిలవాల్సి వస్తోందట.

"నిన్న మేడం నన్ను ఆపి నీ పేరు అడిగింది" అంది అమలమ్మ ఒక ఆదివారం. "మెల్లగా చెప్పు, నేర్చుకుంటాను అంది."

"చెప్పావా?"

"చెప్పలేదు. కావాలంటే వెళ్లి దాన్నే అడగండి అన్నా."

ఆ మరుసటి వారమే మిస్ హార్డింగ్ వన్‌టౌన్‌లో జట్కా దిగింది. చీరల కొట్టు ముందు దొరసాని నిలబడేసరికి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. వీరభద్రయ్య కంగారుగా దిగి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"బాలా... త్రిపురా... సుందరి ఉందా?" అంది. 'ద' ఆమె నోట్లో 'డ' అయింది. అయినా పేరు మొత్తం పలికింది.

సుబ్బరత్నం ఆమెను కొట్టు వెనకున్న ఇంట్లోకి తీసుకెళ్లి నిమ్మరసం ఇచ్చింది. బాలత్రిపురసుందరి వచ్చి ఎదురుగా నిలబడింది.

"సోమవారం నుంచి స్కూల్లో ఎవరి పేరు వాళ్లదే" అంది మిస్ హార్డింగ్. "నీకొక్కదానికే కాదు, అందరికీ. మా తమ్ముడు చనిపోయినప్పుడు సైన్యంవాళ్లు పంపిన కాగితంలో పేరు తప్పు రాశారు. ఎడ్విన్‌ను ఎడ్వర్డ్ చేశారు. మా అమ్మ ఆ కాగితం పట్టుకుని, చనిపోయింది మా పిల్లవాడు కాదేమోనని చాలా రోజులు ఎదురుచూసింది. ఆ సంగతి నాకు ఇన్నాళ్లూ గుర్తు రాలేదు."

అంతవరకు బిగదీసుకుని నిలబడ్డ పిల్ల కళ్లు దించుకుంది.

"తిరిగి వస్తావా?"

"నాకు రావాలనే ఉందండి. కానీ ఒక మాట."

"ఏంటి?"

"మీ బడిలో ఇంగ్లీషు ఉంది, లాటిన్ ఉంది, ఫ్రెంచి ఉంది. తెలుగు లేదు. బడి ఉన్నది బెజవాడలో. తెలుగు కూడా పెట్టండి, వస్తాను."

"బాలా!" అన్నాడు వీరభద్రయ్య గుమ్మంలోంచి. ఇంగ్లీషు మాటలు తెలియకపోయినా కూతురి ధోరణి ఆయనకు తెలుసు. ఇంటికి వచ్చిన మనిషితో పేచీ పెట్టడం నచ్చలేదు.

మిస్ హార్డింగ్ చెయ్యి ఎత్తి ఆయన్ను ఆపింది. "పరీక్షకు అక్కర్లేని సబ్జెక్టు అది. నేర్పేదెవరు?"

"పూర్ణచంద్రరావు మాస్టారు నేర్పుతారు. ఆయన్ను అడిగితే కాదనరు."

మిస్ హార్డింగ్ గ్లాసు కింద పెట్టి లేచింది. ఆలోచిస్తానంది. అంతకుమించి మాట ఇవ్వలేదు. జట్కా ఎక్కేటప్పుడు మాత్రం తిరిగి చూసి, "లాటిన్ మర్చిపోకు" అంది.

జూన్‌లో బడి తెరిచారు. పూర్ణచంద్రరావు మాస్టారే స్వయంగా కొట్టుకు వచ్చి, వారానికి రెండు పీరియడ్లు తెలుగు పెట్టారని చెప్పాడు. తెలుగు చెప్పబోతున్నందుకు ఆయన కొత్త పంచె కట్టుకున్నాడు. బాలత్రిపురసుందరి మళ్లీ ట్రంకుపెట్టె సర్దుకుని భవానీపురం వెళ్లింది. ఈసారి గేటు దగ్గర ఏడవలేదు. తెలుగు నేర్చుకోవడానికి నళిని చేరింది. ఎవరూ అనుకోకుండా మార్గరెట్ కూడా పేరిచ్చింది.

అయితే ఆ రెండు పీరియడ్లూ సాయంత్రం చిట్టచివర పెట్టారు. అప్పటికి పిల్లలందరూ అలిసిపోయి బల్లల మీద తలలు వాల్చేసేవాళ్లు. మొదటి వారం ముగియగానే బాలత్రిపురసుందరి టైంటేబులు కాగితం పట్టుకుని మిస్ హార్డింగ్ గది తలుపు తట్టింది. వెనక అమలమ్మ నిలబడి ఉంది.

"మేడం, తెలుగును పొద్దున పీరియడ్‌కు మార్చాలి" అంది.

"లాటిన్‌ను సాయంత్రానికి నెట్టమంటావా?"

"నెట్టినా సరే. లాటిన్ నిద్రలో కూడా వస్తుంది నాకు."

ఆ పేచీ ఆ ఏడాదంతా సాగింది.